పెళ్లికి ముందు ఎన్ని కిలోలు తగ్గొచ్చు? ముహూర్తం నుంచి వెనక్కి లెక్క వేద్దాం

ఈ ఎపిసోడ్ పెళ్లి కుదిరిన వాళ్ల కోసం. అమ్మాయిలకే కాదు, అబ్బాయిలకి కూడా. నేను డైటీషియన్‌ని కాబట్టి ముహూర్తాల సీజన్ దగ్గరపడిందంటే నాకు వచ్చే మెసేజ్‌లన్నీ ఒకే రకంగా ఉంటాయి. "మేడమ్, నెల రోజుల్లో పది కిలోలు తగ్గాలి, డైట్ చార్ట్ పంపండి." "మేడమ్, నిశ్చితార్థం ఫోటోల్లో లావుగా పడ్డాను, పెళ్లికి సన్నగా కనపడాలి." "మేడమ్, షేర్వానీ బటన్ పట్టట్లేదు, మూడు వారాలే టైముంది."

డైట్ చార్ట్ తర్వాత సంగతి. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ దగ్గర ఎన్ని వారాలున్నాయి, ఆ వారాల్లో మీ శరీరం నిజంగా ఎంత తగ్గగలదు? ముహూర్తం పంచాంగం చూసి పెడతారు. మన ఒంట్లో కొవ్వుకి పంచాంగం తెలియదు కదా. అది దాని స్పీడులోనే కరుగుతుంది. ఆ స్పీడు ఎంతో తెలిస్తే మనం పెట్టుకునే టార్గెట్ కూడా సరిగ్గా ఉంటుంది. ఈ రోజు ఆ లెక్క మీ చేతే వేయిస్తాను.

ముందు ఆ "నెలలో పది కిలోలు" సంగతి చూద్దాం. ఒక కిలో కొవ్వు తగ్గాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు రావాలి. అంటే మనం తిన్నదానికంటే అంత ఎక్కువ ఖర్చవ్వాలి. పది కిలోలకి 77,000. దాన్ని 30 రోజులకి పంచితే రోజుకి రెండున్నర వేల పైమాటే. ఆఫీసులో కూర్చుని పనిచేసే మామూలు అమ్మాయి శరీరం రోజంతా కలిపి ఖర్చు పెట్టేది 1,800, 2,000 క్యాలరీల దగ్గర ఉంటుంది. అర్థమైందా అండీ? నెల రోజులు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చున్నా పది కిలోల కొవ్వు కరగదు. మీకు పట్టుదల లేక కాదు, లెక్కే కుదరదు.

"మరి మా ఫ్రెండ్ వారంలోనే మూడు కిలోలు తగ్గింది కదా?" అంటారు. తగ్గి ఉండొచ్చు. కానీ తగ్గినదాంట్లో ఎక్కువ నీళ్లు. మనం తిన్న అన్నం, ఇడ్లీ, చపాతీల్లోంచి కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్ అనే రూపంలో కండల్లో, లివర్‌లో దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం పూర్తిగా మానేస్తే ఆ నిల్వ ఖర్చయిపోతుంది, దాంతోపాటు నీళ్లూ పోతాయి. కాటా మీద రెండు మూడు కిలోలు మాయం. చాలా సంతోషం. తర్వాత మేనత్తగారింట్లో పెళ్లికూతురికి భోజనం పెట్టి చీర పెడతారు కదా, ఆ ఒక్క పూట పులిహోర, బూరెలు తినగానే నీళ్లు తిరిగి వచ్చేస్తాయి. "ఒక్కరోజు తింటే రెండు కిలోలు పెరిగాను" అని ఏడుస్తారు. పోయిందీ కొవ్వు కాదు, వచ్చిందీ కొవ్వు కాదు.

ఇందులో అసలు నష్టం ఏంటో కూడా చెప్పాలి. వారాల తరబడి జ్యూసులు, కీరాలు, గ్రీన్ టీ మీద ఉంటే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. మొహం పీక్కుపోతుంది. నెలసరి తప్పొచ్చు. మరీ వేగంగా బరువు తగ్గితే గాల్ బ్లాడర్‌లో రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇంకోటి, జుట్టు. కడుపు మాడ్చుకున్న వెంటనే జుట్టు రాలదు. రెండు మూడు నెలల తర్వాత మొదలవుతుంది. అంటే కార్తీకంలో కడుపు మాడ్చుకుంటే మాఘంలో పూలజడ వేసే రోజుకి దువ్వెన నిండా జుట్టు వస్తుంది. ఫోటోల కోసం చేసిన పని ఫోటోలనే పాడు చేస్తుందన్నమాట.

సరే, మరి ఎంత తగ్గొచ్చు? మన హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, అందరూ ఎన్ఐఎన్ అంటారు. వాళ్ల ఆహార మార్గదర్శకాలు వారానికి అర కిలో తగ్గడం సురక్షితం అని చెప్తాయి. బరువు తగ్గే డైట్ అయినా సరే, రోజుకి వెయ్యి క్యాలరీల కంటే కిందికి పోకూడదని కూడా చెప్తాయి. కాబట్టి మనం అర కిలోనే లెక్కలోకి తీసుకుందాం.

ఇప్పుడు ఫోన్‌లో క్యాలెండర్ తీయండి. శ్రావణంలో నిశ్చితార్థం అయింది, మాఘంలో పెళ్లి అనుకుందాం. మధ్యలో సుమారు 24 వారాలు. 24 వారాలంటే 12 కిలోలు అని వెంటనే గుణించేయకండి. ముందు కొన్ని తీసేయాలి. వినాయక చవితి, దసరా, దీపావళి, సంక్రాంతి, వీటికి నాలుగు వారాలు తీసేయండి. ఉండ్రాళ్లు, అరిసెలు, సకినాలు ఇంట్లో ఉన్న వారం బరువు పెరగకుండా ఉంటే అదే గొప్ప. చీరలకి కంచి, ధర్మవరం, గద్వాల తిరగడం, శుభలేఖలు పంచడానికి ఊళ్లు తిరగడం, బంధువుల ఇళ్లలో భోజనాలు, వీటికి ఇంకో రెండు వారాలు. పెళ్లికి ముందు చివరి రెండు వారాలు అసలు తగ్గే ప్రయత్నమే వద్దు, కారణం తర్వాత చెప్తాను. మొత్తం ఎనిమిది పోయాయి. మిగిలినవి 16 వారాలు. వారానికి అర కిలో చొప్పున 8 కిలోలు. అది అంతా సవ్యంగా జరిగితే. థైరాయిడ్, పీసీఓఎస్, నైట్ షిఫ్టులు ఉన్నవాళ్లకి ఇంకా నెమ్మదిగా ఉండొచ్చు. కాబట్టి టార్గెట్ "5 నుంచి 8 మధ్య" అని రాసుకోండి. ఒకే నంబర్ రాసుకోవద్దు. ఒకే నంబర్ పెట్టుకుంటే 7 కిలోలు తగ్గిన అమ్మాయి కూడా "ఫెయిల్ అయ్యాను" అంటుంది.

మీకు ఆరు వారాలే ఉన్నాయా? చివరి రెండు తీసేస్తే నాలుగు. అంటే రెండు కిలోలు. "రెండేనా?" అనిపిస్తుంది. నాలుగు చక్కెర ప్యాకెట్లు, అర కిలోవి, తీసుకొచ్చి చేతిలో పట్టుకోండి. రెండు కిలోలంటే ఎంతో తెలుస్తుంది.

ఇంకో ప్రశ్న. అసలు మీరు తగ్గాలా? మన భారతీయులకి బీఎంఐ 18.5 నుంచి 22.9 మధ్య ఉంటే మామూలు బరువు. 160 సెంటీమీటర్లు, అంటే అయిదడుగుల మూడంగుళాలు ఉన్న అమ్మాయికి ఇది సుమారు 47.5 నుంచి 58.5 కిలోలు. మీరు 54 ఉండి 46కి రావాలనుకుంటున్నారా? దయచేసి ఆగండి. మీకు తగ్గే టార్గెట్ అక్కర్లేదు. సరిగ్గా తిని, కాస్త కండ పెంచుకుని, బాగా నిద్రపోవడమే మీ టార్గెట్. బీఎంఐతో పాటు టేపు పెట్టి నడుము కూడా కొలుచుకోండి. అమ్మాయిలకి 80, అబ్బాయిలకి 90 సెంటీమీటర్లు దాటితే దాని మీద పని చేయాలి, పెళ్లి ఉన్నా లేకపోయినా. అలాంటి వాళ్లకి ఒక మంచి మాట. మీ బరువులో 5 శాతం తగ్గినా షుగర్, బీపీ లాంటి వాటిలో మార్పు కనపడుతుంది. పీసీఓఎస్ ఉన్న చాలామందికి నెలసరి కూడా గాడిన పడటానికి అది సాయం చేస్తుంది. 70 కిలోలు ఉంటే మూడున్నర కిలోలు. అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఆ అర కిలో ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. వారానికి అర కిలో అంటే రోజుకి సుమారు 550 క్యాలరీల తేడా. దానికి విదేశీ ఆకులు, గింజలు ఏమీ కొనక్కర్లేదు. రోజుకి మూడు టీలు తాగుతారు, ఒక్కోదాంట్లో రెండు స్పూన్ల చక్కెర. ఆరు స్పూన్లు, ఒక్కో స్పూను 20 క్యాలరీలు. చక్కెర మానేస్తే 120. కూరలో, దోసె మీద, తాలింపులో కలిపి మీ వంతుకి వచ్చే నూనెలో ఒక పెద్ద స్పూను తగ్గిస్తే ఇంకో 120. మధ్యాహ్నం, రాత్రి కలిపి ఒక కప్పు అన్నం, అంటే 150 గ్రాములు తగ్గిస్తే సుమారు 200. గమనించండి, అన్నం మానేయమనట్లేదు. ఒక కప్పు తగ్గించి ఆ చోట కూర, పప్పు పెంచమంటున్నాను. ముప్పావు గంట చురుకైన నడక, ఇంకో 150 నుంచి 200. కూడండి. 550 దాటింది. ఆవకాయ అన్నం మానలేదు, పెరుగన్నం మానలేదు. కలిపే ముద్దలు తగ్గాయి, అంతే.

తగ్గేది కొవ్వే అవ్వాలి, కండ కాకూడదు. దానికి రెండు కావాలి. మొదటిది ప్రొటీన్. మీ బరువు కిలోకి ఒక గ్రాము చొప్పున వేసుకోండి. 65 కిలోలుంటే 65 గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది. పెసరట్టు, ముద్దపప్పు, శనగలు, మీల్ మేకర్, పెరుగు, చేప, చికెన్, మన వంటింట్లో ఉన్నవే. మన ప్లేటులో మూడొంతులు అన్నం, మిగతా వంతు కూర ఉంటుంది కాబట్టి ప్రొటీన్ సరిపోదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ప్రొటీన్ పెంచొద్దు. రెండోది, వారానికి రెండు మూడు సార్లు కండలకి పని. గుంజీళ్లు, గోడకి పుషప్స్, నీళ్ల బాటిల్స్ ఎత్తడం. "కండలు వచ్చేస్తే చీరలో బాగోను" అని అమ్మాయిలు భయపడతారు. నాలుగు నెలలు గుంజీళ్లు తీస్తే పహిల్వాన్లు అవ్వరండీ. నడుము నిటారుగా నిలబడుతుంది. గంటల తరబడి పీటల మీద కూర్చోవాలి, తర్వాత రిసెప్షన్‌లో ఒకే చోట నిలబడాలి. అప్పుడు ఆ బలమే పనికొస్తుంది.

అబ్బాయిలూ, మీకు ఒక మాట. జిమ్‌లో ఎవరో ఇచ్చిన ఫ్యాట్ బర్నర్ మాత్రలు, పేరు తెలియని ఇంజెక్షన్లు వద్దు. పెళ్లి కుదిరిన దగ్గర్నుంచి వరసగా వచ్చే పార్టీల్లో బీర్లు, అర్ధరాత్రి బిర్యానీలు సగానికి తగ్గించండి చాలు, బెల్టు ఒక రంధ్రం లోపలికి వస్తుంది.

బరువు తగ్గే ఇంజెక్షన్ల గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. 2025లో మౌంజారో, వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. అవి జబ్బు స్థాయిలో ఊబకాయం ఉన్నవాళ్లకి డాక్టర్ రాసి, చూసుకుంటూ వాడించే మందులు. పెళ్లి ఫోటోల కోసం రెండు నెలలు వాడి మానేసేవి కాదు. పైగా పెళ్లయ్యాక త్వరగా పిల్లలు కావాలనుకునే వాళ్లు ఈ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి. ఎందుకంటే వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్‌ని గర్భం ప్లాన్ చేసుకోవడానికి కనీసం రెండు నెలల ముందే ఆపేయాలి.

ఒక అమ్మాయి గురించి చెప్తాను. పేరు, ఊరు చెప్పను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, 71 కిలోలు, పెళ్లికి తొమ్మిది వారాలు. నా దగ్గరికి 12 కిలోలు తగ్గాలని వచ్చింది. అప్పటికే పది రోజుల నుంచి రాత్రి భోజనం మానేసి జ్యూస్ తాగుతోంది. మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం. "లావుగా ఉన్నా కదా, అందుకే" అంది. నేను ముందు రక్తపరీక్ష చేయించమన్నాను. హిమోగ్లోబిన్ 9 ఉంది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. ఆ అమ్మాయి వాళ్లలో ఒకరు. డాక్టర్ ఐరన్ మాత్రలు రాశారు. మేము టార్గెట్ మార్చుకున్నాం. తొమ్మిదిలో చివరి రెండు తీసేస్తే ఏడు వారాలు, మూడు కిలోలు, రెండు పూటలా సరైన భోజనం. వాళ్ల అమ్మగారు ఫోన్ చేసి, "మూడు కిలోలకి డైటీషియన్ ఎందుకమ్మా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. పెళ్లినాటికి 68 కిలోలయింది, నడుము అయిదు సెంటీమీటర్లు తగ్గింది. ఆయాసం లేదు. పెళ్లయ్యాక కూడా అదే తిండి కొనసాగించింది కాబట్టి ఏడాదికి ఇంకో ఐదు కిలోలు తగ్గింది. ఆ జ్యూసుల దారిలోనే వెళ్లి ఉంటే ఆ రక్తంతో పీటల మీద ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

అందుకే అంటాను, మీ లిస్టులో మొదటి పని డైట్ చార్ట్ కాదు. రక్తపరీక్ష. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్. ఎలాగూ పెళ్లికి ముందు చేయించుకుంటే మంచివే.

ఇప్పుడు కాటా సంగతి. రోజుకి నాలుగుసార్లు ఎక్కొద్దు. పొద్దున్నే, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, వారానికి రెండు సార్లు చాలు. ఒకే కాటా. నెలసరికి ముందు ఒంట్లో నీరు చేరి కిలో, కిలోన్నర పెరిగినట్టు కనపడుతుంది, అది కొవ్వు కాదు. అందుకే అమ్మాయిలు ఈ నెల బరువుని పోయిన నెల అదే వారం బరువుతో పోల్చుకోండి. నంబర్‌తో పాటు ఇంకో మూడు రాసుకోండి. ఈ వారం ఎన్ని రోజులు నడిచాను, ఎన్ని పూటలు ప్రొటీన్ తిన్నాను, ఎన్ని రాత్రులు ఏడు గంటలు నిద్రపోయాను. బరువు మన చేతిలో పూర్తిగా లేదు. ఈ మూడూ ఉన్నాయి.

బ్లౌజ్ గురించి చెప్పకపోతే అమ్మాయిలు ఊరుకోరు. "తగ్గుతాను కదా, రెండంగుళాలు తక్కువ కొలతతో కుట్టించేస్తాను, అదే మోటివేషన్" అంటారు. వద్దండీ. మగ్గం వర్క్ బ్లౌజ్ తర్వాత వదులు చేయడం చాలా కష్టం. ఇప్పటి కొలతతోనే ఇవ్వండి, కుట్ల లోపల గుడ్డ వదలమనండి. బిగించడం తేలిక. చివరి ఫిట్టింగ్ పెళ్లికి పది, పదిహేను రోజుల ముందు చూసుకోండి.

చివరి రెండు వారాలు తగ్గొద్దని ఎందుకన్నానంటే ఇందుకే. బ్లౌజ్ ఫిట్టింగ్ అయిపోయింది, ఇంట్లో బంధువులు దిగారు, నిద్ర లేదు, టెన్షన్. ఆ టైములో తిండి కూడా తగ్గిస్తే ఒంట్లో ఓపిక పోతుంది. ఉన్న బరువు ఉంచుకోండి, నీళ్లు తాగండి, పడుకోండి.

ముహూర్తం రోజు ఉపవాసం గురించి. చాలా ఇళ్లలో జీలకర్ర బెల్లం పెట్టేదాకా వధూవరులు భోజనం చేయరు. మన ముహూర్తాలు అర్ధరాత్రో, తెల్లవారుజామునో కూడా ఉంటాయి. ముందే ఇంట్లో పెద్దవాళ్లని, పంతులుగారిని అడగండి, "పాలు, పళ్లు, కొబ్బరినీళ్లు తీసుకోవచ్చా?" అని. చాలామంది పరవాలేదనే అంటారు. షుగర్ మందులు వాడేవాళ్లయితే ఇది తప్పనిసరిగా డాక్టర్‌తో మాట్లాడాలి. పెళ్లిరోజు కళ్లు తిరిగి పడిపోవడం భక్తి కాదు.

చివరిగా మనసుకి సంబంధించిన మాట. చాలామంది తగ్గాలనుకునేది వాళ్ల కోసం కాదు. ఎవరో ఒక మాట అన్నారు కాబట్టి. "అమ్మాయి కాస్త ఒళ్లు చేసింది, పెళ్లికి తగ్గించండి" అని అటువైపు నుంచి ఫోన్ వస్తుంది. ఇంట్లో అమ్మ కంగారు పడిపోతుంది. మీరు గొడవ పెట్టుకోనక్కర్లేదు. "అత్తయ్యగారూ, డాక్టర్‌కి చూపించుకున్నాను. నెలకి రెండు కిలోలకి మించి తగ్గొద్దన్నారు, అదే చేస్తున్నాను" అని మర్యాదగా చెప్పండి. లెక్క మీ దగ్గర ఉంటే ఈ మాట ధైర్యంగా చెప్పగలరు. మీకు కాబోయే ఆయనతో కూడా ఒకసారి మాట్లాడండి. పెళ్లిచూపుల్లో మిమ్మల్ని చూసే సరేనన్నారు కదా. "ఇంత తగ్గితేనే పెళ్లి" అని ఎవరైనా అంటే మాత్రం, అది మీ బరువు సమస్య కాదు. అది ఆ సంబంధం గురించి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

అలాగే తినడం, కక్కడం, అన్నం చూస్తేనే భయం వేయడం, అద్దం చూసుకుని ఏడవడం, ఇలాంటివి మొదలైతే టార్గెట్ పక్కన పెట్టేసి డాక్టర్‌ని కలవండి. మానసిక సహాయం కావాలంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

ఇక ఈ రోజు రాత్రికి మీ పని. ముహూర్తం తేదీ రాయండి. వెనక్కి వారాలు లెక్కపెట్టండి. పండగలు, ప్రయాణాలు, చివరి రెండు వారాలు కొట్టేయండి. మిగిలిన వాటిని సగం చేయండి. వచ్చినదే మీ పై గీత. దాంట్లో మూడింట రెండు వంతులు వచ్చినా సంతోషపడాల్సిన కింది గీత. ఆ కాగితం బీరువా తలుపుకి లోపలివైపు అంటించండి. పెళ్లయ్యాక కూడా మీరు చేయగలిగే పనులే మొదలుపెట్టండి. కొత్త కాపురంలో మీతోపాటు వెళ్లేవి అవే.

మీ ఫ్రెండ్స్‌లో ఎవరికైనా పెళ్లి కుదిరి ఉంటే ఇది పంపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ, నమస్తే.